టోన్యా హార్డింగ్‌ని శిక్షించింది చేసిన తప్పుకా, పుట్టిన ఇంటికా?

నాగావళి_గట్టు, శ్రీకాకుళం:

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. రోలర్ స్కేట్లు కొనిచ్చిన దగ్గర్నుంచి ఫోన్‌లో ఐస్ స్కేటింగ్ వీడియోలు తప్ప ఇంకోటి చూడటం లేదు. మన శ్రీకాకుళంలో ఐస్ అంటే చెరుకు రసం బండి దగ్గర సుత్తితో కొట్టే దిమ్మే. సరేలే, చూడనీ అని ఊరుకున్నాను.

మొన్న ఒక పాత వీడియో తెచ్చి నా ముందు పెట్టింది. ఒకమ్మాయి ఆట మధ్యలో ఆపేసి, ఏడుస్తూ జడ్జీల దగ్గరికి వచ్చి, వాళ్ళ ముందున్న బల్ల మీద కాలు పెట్టి షూ లేసు చూపిస్తోంది. 1994 లిల్లీహామర్ ఒలింపిక్స్, అమెరికా అమ్మాయి, పేరు టోన్యా హార్డింగ్. ఈమె మొగుడు మనుషుల్ని పెట్టి పోటీ పిల్ల నాన్సీ కెరిగన్ కాలు విరగ్గొట్టించబోయాడు, తర్వాత ఈమెని జీవితాంతం ఆడకుండా నిషేధించారు అని నాకు తెలిసింది చెప్పాను. అక్కడితో అయిపోయేది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "పేదింటి పిల్ల కాబట్టి అందరూ కలిసి తొక్కేశారు. అదే పెద్దింటి పిల్లయితే ఫైనుతో పోయేది" అంది. మా బావమరిది ఇంట్లోనే ఉన్నాడు. వాడు "తప్పు తప్పే, పేదలు కాబట్టి కొట్టించొచ్చా?" అని లేచాడు. ఆ రోజు అన్నం చల్లారిపోయింది గాని గొడవ చల్లారలేదు.

ఇక్కడ ఆటల గురించి తెలిసినవాళ్ళు ఉన్నారు కదా. ఆమెకి పడిన శిక్ష చేసిన పనికా, పుట్టిన ఇంటికా? పిల్లకి ఏం చెప్పాలో తెలియక అడుగుతున్నాను.

పలాస_జీడిపప్పు:

అన్నా, ఇందులో డౌటేముంది? 1994 జనవరి 6, డెట్రాయిట్. ప్రాక్టీసు అయి బయటికొస్తున్న నాన్సీ కెరిగన్ కుడి మోకాలి పైన మడత లాఠీతో కొట్టారు. కొట్టినవాడు షేన్ స్టాంట్, బండి తోలినవాడు డెరిక్ స్మిత్, ఆ ఇద్దర్నీ కుదిర్చింది టోన్యా బాడీగార్డు షాన్ ఎకార్ట్, వాడి వెనకాల టోన్యా మాజీ మొగుడు జెఫ్ గిలూలీ. రెండ్రోజులు తిరక్కుండానే టోన్యా నేషనల్ ఛాంపియన్. ఎవరికి లాభం వచ్చిందో చూడు, సగం కేసు అక్కడే తేలిపోతుంది.

పోర్ట్‌లండ్‌లో ఒక హోటల్ చెత్తకుండీలో కాగితాలు దొరికాయి. నాన్సీ ఏ రింకులో (స్కేటింగ్ చేసే మంచు మైదానంలో) ప్రాక్టీసు చేస్తుందో, ఏ టైముకో రాసి ఉంది. ఆ చేతిరాత టోన్యాదేనని నిపుణులన్నారు. మార్చిలో కోర్టులో తప్పు ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇంకా పాపం పుణ్యం ఏంటి? ఇప్పుడు అందరూ "అయ్యో పాపం టోన్యా" అంటారు. దెబ్బ తిన్న పిల్ల గురించి ఒక్కడూ అడగడు.

టైలర్‌పిన్ని_విజయనగరం:

బాబూ, ఇద్దరిదీ చదివాను. నేను చదువుకున్నది ఇంటరు. ఇంగ్లీషులో ఉన్నదంతా మా అబ్బాయి చేత చెప్పించుకున్నాను. వాడు విసుక్కున్నా వదల్లేదు. ఈ అమ్మాయి మీద నాకంత పట్టు ఎందుకంటే నాది కుట్టు పని. మూడు లాంతర్లకి కాస్త ఇవతల సందులో మా షాపు. జాకెట్లు, లంగాలు అందరిలాగే కుడతాను గాని నా దగ్గరికి ఎక్కువమంది వచ్చేది డ్యాన్స్ డ్రెస్సులకి. మా ఊరు సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో పెట్టిన కాలేజీ. ఆ గాలి ఇంకా ఉంది. వీధికొక పాప కూచిపూడో భరతనాట్యమో నేర్చుకుంటుంది. స్కూల్ యానివర్సరీలు వచ్చాయంటే నాకు రాత్రి నిద్ర ఉండదు.

ఒక పిల్ల సంగతి చెబుతాను, తర్వాత టోన్యా దగ్గరికి వస్తాను.

గంటస్తంభం దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న ఒకావిడ కూతురు. ఏడో తరగతి అప్పుడు. ఆ పిల్ల అడుగు వేస్తే నేల పలికేది. కళ్ళు తిప్పితే మాస్టారే ఊరుకుని చూసేవారు. పోటీకి డ్రెస్సు కావాలి. వాళ్ళమ్మ బజార్లో తళతళలాడే సింథటిక్ చీర ఒకటి కొని తెచ్చింది. పట్టుకి డబ్బు ఎక్కడిది? డ్యాన్స్ డ్రెస్సులో ముందు ఫ్యాన్ ఉంటుంది చూడండి, మోకాళ్ళు వంచి అరమండి వేసినప్పుడు విచ్చుకునేది. దానికి ప్రాణం మడతే. పట్టు అయితే ఇస్త్రీ పెట్టె బలంగా పెడితే మడత కత్తిలా నిలబడుతుంది, జరీ అంచు దాన్ని పట్టుకుంటుంది. సింథటిక్‌కి వేడి ఎక్కువైతే గుడ్డ కరిగిపోతుంది, తక్కువైతే పొద్దున్న పెట్టిన మడత మధ్యాహ్నానికి ఊడిపోతుంది. లోపల కాన్వాసు వేశాను, ప్రతి మడతకీ వెనకాల టేపు పెట్టి చేత్తో కుట్టాను. అయినా స్టేజీ లైటు కింద అది పట్టు కాదని దూరం నుంచే తెలిసిపోయింది. నగల సెట్టు అద్దెకి తేలేదు, వాళ్ళమ్మ గిల్టువి పెట్టింది. జడకి పూలు మాత్రం అసలువే.

మార్కుల కాగితంలో తాళానికి ఒక గడి, అభినయానికి ఒకటి, ఆహార్యానికి అంటే వేషానికి ఒకటి. పిల్లకి రెండో బహుమతి వచ్చింది. కిందకి దిగాక ఒక జడ్జి మేడం వాళ్ళమ్మతో, "పిల్ల చాలా బాగా చేసిందమ్మా, కాస్త నీట్‌గా తయారుచేసి తీసుకురావాల్సింది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను పక్కనే ఉన్నాను. వాళ్ళమ్మ తల దించుకుని "అలాగేనమ్మా" అంది.

ఇప్పుడు టోన్యా. ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్ అనే ఊరు. వాళ్ళమ్మ హోటల్లో సర్వర్‌గా పనిచేసేది, డబ్బుల్లేక కూతురి డ్రెస్సులు తనే కుట్టేది. మూడేళ్ళ వయసులో ఒక షాపింగ్ మాల్‌లో ఉండే రింకులో మొదలుపెట్టింది, పెద్దయ్యాక ప్రాక్టీసు కూడా ఇంకో మాల్‌లోనే. చుట్టూ జనం సంచులు పట్టుకుని తిరుగుతుంటారు, మధ్యలో దేశానికి ఆడే పిల్ల గింగిరాలు తిరుగుతుంటుంది. తల్లి కొట్టేదని టోన్యా చెప్పింది, తల్లి కాదంది. మొగుడు మాత్రం మంచివాడు కాదు, ఆ మనిషిని దగ్గరికి రానివ్వొద్దని ఆమె కోర్టు కాగితాలు కూడా వేసింది. పైగా ఆయాసం జబ్బు.

అప్పట్లో ఆ ఆటలో ప్రతి జడ్జీ రెండు మార్కులు వేసేవాడు, ఆరుకి. ఒకటి గెంతులకీ పనితనానికీ, రెండోది కళకీ కనిపించే తీరుకీ. మొదటి మార్కులో టోన్యాని కొట్టేవాళ్ళు లేరు. ట్రిపుల్ యాక్సెల్ అని ఒక గెంతు ఉంది. మిగతావన్నీ వెనక్కి జారుతూ లేస్తారట, ఇదొక్కటే ముఖం ముందుకు పెట్టి లేవాలి, వెనక్కి దిగాలి. అంచేత గాల్లో మూడున్నర చుట్లు తిరగాలి. పోటీలో ఆడవాళ్ళలో మొదట చేసింది జపాన్ అమ్మాయి మిదోరి ఇతో, 1988లో. అమెరికా ఆడవాళ్ళలో మొదట చేసింది టోన్యా, 1991 ఫిబ్రవరిలో, మినియాపొలిస్‌లో. ఒక జడ్జి ఆరుకి ఆరు వేశాడు. దిగగానే ఆ పిల్ల రెండు పిడికిళ్ళు బిగించి నవ్వింది, చూడండి వీడియో. ఇరవై ఏళ్ళ పిల్ల.

రెండో మార్కు దగ్గరే తంటా. ఇంట్లో కుట్టిన గులాబి రంగు డ్రెస్సు వేసుకెళ్తే ఇంకెప్పుడూ ఇలాంటిది వేసుకురావద్దని అధికారులు అన్నారని ఆమే చెప్పుకుంది. ఆ మాట నిజమో కాదో నేను చూడలేదు. కాని మా జడ్జి మేడం మాట విన్న చెవులతోనే ఇదీ విన్నాను కాబట్టి నాకు నమ్మబుద్ధేసింది.

కాని ఆగండి, నాగావళి బాబూ. మీ ఆవిడ చెప్పినంత తేలికగా లేదు ఇది. నాన్సీ కెరిగన్ పెద్దింటి పిల్ల అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను, మా అబ్బాయి చూసి చెప్పాడు: వాళ్ళ నాన్న వెల్డరు. కూతురి ఫీజుకి రెండో పని, మూడో పని చేసేవాడు. రింకులో మంచు చదును చేసే బండి తోలి, ఆ జీతానికి బదులు పిల్లకి పాఠాలు చెప్పించుకున్నాడు. వాళ్ళమ్మకి కళ్ళు దాదాపు కనిపించవు. కూతురి ఆట టీవీకి ముక్కు ఆనించి చూసేది. ఇది డబ్బున్న ఇల్లా?

ఇద్దరూ పని చేసుకు బతికే ఇళ్ళ పిల్లలే. ఒకమ్మాయి పొడుగు, సన్నం, పళ్ళు వరస, మాట మెత్తన. ఆమెకి వెరా వాంగ్ అనే పెద్ద డిజైనర్ డ్రెస్సు కుట్టింది. టీవీవాళ్ళు ఆమెని యువరాణి అన్నారు, కంపెనీలు ప్రకటనలిచ్చాయి. రెండో అమ్మాయి పొట్టి, గట్టి తొడలు, సిగరెట్టు తాగుతుంది, లారీలాంటి బండి తోలుతుంది, బిలియర్డ్స్ బల్ల దగ్గర మగవాళ్ళతో పందెం ఆడుతుంది, నోరు జారుతుంది. ఒకమ్మాయి వెల్డరు కూతురని లోకానికి గుర్తులేదు. రెండో అమ్మాయి ఏ ఇంటి పిల్లో లోకం ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. నాకు కనిపించిన తేడా ఇదీ.

అందుకే "పేద కాబట్టి శిక్షించారు" అంటే ఒప్పుకోను. పేదరికాన్ని దాచడం చేతకాని దాన్ని, దాచనన్న దాన్ని, నేరం జరగక ముందే పక్కన పెట్టేశారు అంటాను. 1994 జనవరిలో అంత పెద్ద నేరం బయటపడేసరికి, అందరి నోటా ఒకటే మాట: "మేము ముందే అనుకున్నాం." ఏం అనుకున్నారు ముందే? సిగరెట్టు చూసి లాఠీ అనుకున్నారా?

పలాస తమ్ముడూ, నువ్వు చెప్పిన నేరం నేరమే. మోకాలు చూసి కొట్టడమంటే ఆ పిల్ల బతుకునే కొట్టడం. దానికి నేను ఒక్క మాట అడ్డు చెప్పను.

నెల్లిమర్ల_పీఈటీ:

పిన్నిగారు రాసింది చదివాక ఒకటి రాయాలనిపించింది. నేను బరువులెత్తించే మాస్టర్ని. మా పక్క కొండవెలగాడ ఊరు సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, అక్కడ ఆడపిల్లలు కూడా బార్‌బెల్ ఎత్తుతారు. వ్యవసాయ కూలీల పిల్లలే ఎక్కువ. నేను ఈ ఆటని నమ్ముకోడానికి కారణం ఒక్కటే: మూడు లైట్లు. ముగ్గురు రిఫరీలు, తెల్ల లైటు వెలిగితే ఎత్తినట్టు, ఎర్ర లైటు వెలిగితే ఎత్తనట్టు. మోచెయ్యి వంగిందా లేదా అనే చూస్తారు గాని, నీ బట్ట ఏ షాపులోదని అడగరు. మన ఆమదాలవలస కరణం మల్లీశ్వరి గారు సిడ్నీలో 2000లో ఎత్తింది 110 ప్లస్ 130, మొత్తం 240 కిలోలు. ఆ 240ని ఎవరూ నవ్వుతూ 238 చెయ్యలేరు. భారత ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం.

అయినా జనం ఊరుకున్నారా? సిడ్నీకి ఇంకో లిఫ్టర్ కుంజరాణి దేవిని కాదని ఈవిడ్ని ఎందుకు పంపుతున్నారని ఎంత రాశారో నాకు గుర్తుంది. పతకం వచ్చాక ఆ రాతలన్నీ మాయం.

ఇంకో సంగతి. మన పక్క ఒడిశా నేత కార్మికుల ఇంటి పిల్ల, పరుగు పందేల ద్యుతీ చంద్. 2014లో ఆమె ఒంట్లో హార్మోను ఎక్కువుందని ఆడకుండా ఆపేశారు. ఆమె తప్పు ఏమీ లేదు, ఒంటి తీరు అది. ఆటల తగాదాలు తీర్చే అంతర్జాతీయ కోర్టుకెళ్ళి 2015లో గెలిచింది. అప్పుడు దేశమంతా ఆమె పక్క. 2023లో నిషేధించిన మందులు దొరికి నాలుగేళ్ళు నిషేధం పడింది. అది వేరే సంగతి, అందులో ఆమె బాధ్యత ఉంది. కాని జనం రెండూ కలిపేసి "మొదటి నుంచీ ఏదో ఉంది" అన్నారు. పిన్నిగారన్న "ముందే అనుకున్నాం" ఇదే. 2014లో అన్యాయం జరిగిందన్నది 2023 వల్ల అబద్ధం కాదు. 2023లో తప్పు దొరికిందన్నది 2014 వల్ల మాసిపోదు. నా పిల్లలకి ఈ రెండు ఖాతాలు విడివిడిగా చూడమని చెబుతాను, వాళ్ళు వినరు, అది వేరే బాధ.

పలాస_జీడిపప్పు:

మేష్టారూ, రెండు ఖాతాలు బాగుంది. కాని టోన్యా విషయంలో రెండో ఖాతాకి శిక్ష ఏం పడింది? జైలు లేదు! మొగుడికి రెండేళ్ళు వేశారు. ఆమెకి మూడేళ్ళు ప్రొబేషను (జైలు బదులు బయటే నిఘాలో ఉండటం), 500 గంటలు సమాజ సేవ, లక్షా అరవై వేల డాలర్లు కట్టు అన్నారు. ఒప్పుకున్నది కూడా కొట్టించినట్టు కాదు, దర్యాప్తుకి అడ్డం పడినట్టు మాత్రమే. కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం గ్రాండ్ జ్యూరీ అయితే ఆమెకి కుట్రలో భాగముందని ఆధారాలున్నాయని రాసింది, ఒప్పందం కుదిరిపోయింది కాబట్టి కేసు పెట్టలేదు. పేద కాబట్టి తొక్కేశారంటారు, నాకు చూస్తే తక్కువలో వదిలేసినట్టుంది.

నాగావళి_గట్టు:

ఇదే మా బావమరిది మాట. పిన్నిగారూ, మీరు ఏమంటారు? పైగా ఇంకొకటి. నేరం జరిగాక కూడా ఆమెని ఒలింపిక్స్‌కి పంపారు కదా, అది తక్కువ ఉపకారమా?

టైలర్‌పిన్ని_విజయనగరం:

ఉపకారం కాదు బాబూ, కోర్టుకెళ్తానని ఆమె పట్టుబడితే అమెరికా ఒలింపిక్ కమిటీ వెనక్కి తగ్గింది. నాన్సీ దెబ్బ తగిలి నేషనల్స్ ఆడలేకపోయినా ఆమెకీ చోటిచ్చారు. రెండో స్థానంలో వచ్చిన మిషెల్ క్వాన్‌కి పదమూడేళ్ళు, ఆ పిల్లని రిజర్వుగా పెట్టారు. ఇది న్యాయమే అనుకుంటాను.

పలాస తమ్ముడు జైలు అడిగాడు. కోర్టు వేసిన శిక్ష గురించి నాకు గొడవ లేదు. తక్కువైందంటే తక్కువైందనుకో. నేను అడిగేది కోర్టు బయట వేసిన శిక్ష గురించి. దానికి లాయరు లేడు, గడువు లేదు. ఆ ఫిబ్రవరిలో వాళ్ళిద్దరూ మంచు మీదకి దిగిన రాత్రి అమెరికాలో టీవీ ఉన్న ఇళ్ళలో సుమారు సగం చూశాయట. ఆట చూడటానికా? ఎవరు పడతారో చూడటానికి. మొదటి రోజు టోన్యా పదో స్థానం. రెండో రోజు మీ అమ్మాయి చూసిన లేసు గొడవ. షూ లేసు తెగిపోయింది, సరిపోయే లేసు దొరకలేదు, టైము అయిపోతోంది, పరిగెత్తుకొచ్చి మొదలుపెట్టింది, మొదటి గెంతే తప్పింది. జడ్జీలు మళ్ళీ ఆడనిచ్చారు. ఎనిమిదో స్థానం. లేసు కూడా నాటకమన్నారు జనం. తెగిన లేసు చేతిలో పట్టుకుని చూపించినా నాటకమే అన్నారు! నేను కుట్టుమనిషిని, స్టేజీ ఎక్కే ముందు హుక్కు తెగితే పిల్ల ఒళ్ళు ఎలా వణుకుతుందో నాకు తెలుసు. సూదీ దారం నోట్లో పెట్టుకుని పరిగెత్తినదాన్ని. ఆ వీడియోలో ఏడుపు నాటకం కాదు, నా మాట రాసిపెట్టుకోండి.

తమ్ముడు ఇంకోటి అన్నాడు, దెబ్బ తిన్న పిల్ల గురించి ఎవరూ అడగరని. నూటికి నూరు పాళ్ళు నిజం. కాని ఆ పిల్లని కూడా ఈ జనమే వదల్లేదు తెలుసా? దెబ్బ తగిలిన క్షణంలో కింద కూర్చుని "ఎందుకు, ఎందుకు" అని ఏడ్చింది. ఆ ఏడుపుని టీవీలో పదే పదే వేసి, ఆ తర్వాత హాస్య కార్యక్రమాల్లో దాన్ని అనుకరించి నవ్వుకున్నారు. ఒలింపిక్స్ అయ్యాక డిస్నీ ఊరేగింపులో కూర్చుని, ఇదంతా చచ్చుగా ఉందని పక్కవాళ్ళతో గొణిగింది. మైకు పట్టేసింది. అంతే, యువరాణి కాస్తా పొగరుబోతు అయిపోయింది. ఏడువారాల్లో కాలు బాగుచేసుకుని వెండి పతకం తెచ్చిన పిల్ల! అదీ ఎలా పోయింది బంగారం? ఐదుగురు జడ్జీలు ఉక్రెయిన్ పిల్ల ఒక్సానా బైయుల్ పక్క, నలుగురు నాన్సీ పక్క. ఒక్క జడ్జి తేడా, ఆ ఒక్కరి లెక్కలోనూ కళకి వేసే రెండో మార్కే తేల్చింది. వెరా వాంగ్ డ్రెస్సు వేసుకున్నా ఆ రెండో మార్కు చేతిలోనే ఓడింది.

ఆ బైయుల్ ఎవరనుకున్నారు? పదహారేళ్ళది. తల్లి క్యాన్సరుతో పోయింది, కోచ్ ఇంట్లో పెరిగింది. ఆ ఒలింపిక్స్‌లో పేరు వినపడిన ముగ్గురు పిల్లలూ కలిగినింటి వాళ్ళు కాదు. జనం ముగ్గురికీ మూడు వేషాలు పంచిపెట్టారు: ఒకామె అనాథ పువ్వు, ఒకామె యువరాణి, ఒకామె రాక్షసి. ఒక్కసారి ఇచ్చాక విప్పనివ్వరు.

నెల్లిమర్ల_పీఈటీ:

పిన్నిగారూ, మీరు కుట్టినట్టే రాస్తారు. ఒక చిన్న చేర్పు. ఆ రెండు మార్కుల పద్ధతి ఇప్పుడు లేదు. 2002 సాల్ట్ లేక్‌లో జంటల పోటీలో జడ్జీల గోల్‌మాల్ బయటపడ్డాక తీసేసి, ప్రతి గెంతుకీ విడిగా విలువ కట్టే పద్ధతి పెట్టారు. కళకి మార్కులు ఇప్పటికీ ఉన్నాయి గాని, కష్టమైన గెంతుకి దాని విలువ దానికే పడుతుంది. నాకైతే ఈ లెక్కలో టోన్యా ఇంకా పైకి వెళ్ళేదనిపిస్తుంది.

పలాస_జీడిపప్పు:

వెళ్ళేదేమో. కాని 1991 తర్వాత ఆ ట్రిపుల్ యాక్సెల్ ఆమె పోటీలో మళ్ళీ దింపలేదు మేష్టారూ. 1992 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, నాన్సీకి కాంస్యం. ప్రాక్టీసు తగ్గించింది, సిగరెట్టు మానలేదు. అన్నీ జడ్జీల మీద తోసేస్తే ఎలా?

టైలర్‌పిన్ని_విజయనగరం:

తొయ్యను తమ్ముడూ. ప్రాక్టీసు తగ్గిస్తే తగ్గించినట్టే. కాని 1991లో మ్యూనిక్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో యమగూచి, హార్డింగ్, కెరిగన్ అని మొదటి మూడు స్థానాలూ అమెరికావే. ఆ వరసలో రెండో పేరు ఎవరిదో చూడు. అది నాన్సీ కాలికి దెబ్బ తగలక మూడేళ్ళ ముందు. అప్పుడు ప్రకటనలు ఎవరికొచ్చాయో కూడా చూడు. డబ్బు వస్తే మాల్‌లో కాక మంచి రింకులో ప్రాక్టీసు చేస్తుంది, మంచి మొగుడు దొరకడానికి డబ్బు గ్యారంటీ కాదు గాని, చెడ్డ మొగుణ్ణి వదిలించుకోడానికి డబ్బు పనికొస్తుంది. మా షాపుకొచ్చే ఆడవాళ్ళలో సగం మందిని అడుగు, చెబుతారు. ఆమె విడాకులు 1993లో తీసుకుంది. ఆ తర్వాత కూడా ఆ మనిషి ఆమె చుట్టూనే ఉన్నాడు.

దీనివల్ల ఆమె తప్పు తగ్గిందా? తగ్గలేదు. తెలిసి నోరు మూసుకోవడం కూడా తప్పే. తర్వాత ఆమె వెల్డింగ్ పని చేసింది, పెయింటింగ్ పని చేసింది, 2003లో బాక్సింగ్ రింగెక్కి మొదటి ప్రొఫెషనల్ పోటీలోనే ఓడింది. డబ్బు కోసం తన అవమానాన్నే అమ్ముకుంది అంటారు. ఏం అమ్ముకోవాలి మరి? వచ్చిన పని ఒక్కటే, అది చెయ్యొద్దన్నారు.

నాగావళి_గట్టు:

పిన్నిగారూ, ఆఖరుగా ఒకటి. జీవితకాల నిషేధం న్యాయమా కాదా? ఒక మాటలో చెప్పండి, మా ఇంట్లో వాళ్ళకి అదే కావాలి.

టైలర్‌పిన్ని_విజయనగరం:

ఒక మాటలో రాదు బాబూ, రెండు మాటల్లో చెబుతాను. 1994 నేషనల్ టైటిల్ తీసెయ్యడం న్యాయం. పక్క పిల్ల కాలు విరగ్గొట్టబోయి గెలిచిన పోటీ అది, ఆమెకి తెలిసే గెలిచిందని అమెరికా స్కేటింగ్ అసోసియేషన్ కమిటీ జూన్‌లో తేల్చింది. తీసేశాక ఆ టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు, ఖాళీగా ఉంచారు. రెండో స్థానంలో ఉన్న మిషెల్ క్వాన్‌కి కూడా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల ఏ పాపమూ ఎరగదు.

ఆడటం మానిపించడం కూడా సరే, కొన్నేళ్ళు. జీవితాంతమంటే ఒప్పుకోను. ముప్ఫై ఏళ్ళకే ఆ ఆట అయిపోతుంది, ఇరవై మూడేళ్ళ పిల్లని ఐదారేళ్ళు ఆపినా చాలు. జీవితాంతం నిషేధమంటే ఇంక ఆడటం కాదు, చిన్నపిల్లలకి నేర్పే కోచ్‌గా కూడా అసోసియేషన్ పోటీల్లో నిలబడకూడదని. ట్రిపుల్ యాక్సెల్ తిరిగిన మనిషి దగ్గర నేర్చుకోవాలనుకునే పిల్ల ఏ టిఫిన్ బండి ఇంట్లో ఉందో ఎవరికి తెలుసు?

1991 టైటిల్ మాత్రం ఆమె పేరునే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మీ బావమరిదికి అది కూడా చెప్పండి. నాకు రేపు పొద్దున్నకి రెండు ఫ్యాన్లు మడత పెట్టాల్సి ఉంది, ఉంటాను.